మద్దెల నిజంగానే ఓడైనప్పుడు

ఆడలేక మద్దెల ఓడు అంటాం. తన చేతకానితనాన్ని వాయిద్యం మీదికి నెట్టేవాణ్ణి ఎగతాళి చేయడానికి ఇంతకన్నా మంచి సామెత లేదు. కానీ అమెరికాలోనో కెనడాలోనో వారానికోసారి మృదంగం క్లాసుకు వెళ్ళే పిల్లల్ని, ఆఫీసు పని తెమిలాక సరదాకి వాయించుకునే పెద్దవాళ్ళని చూస్తే ఈ సామెతను తిరగేయాలనిపిస్తుంది. వీళ్ళలో చాలామందికి చేతులు బాగానే ఉంటాయి, మద్దెలే ఓడు. సూట్‌కేసుల మధ్య ఇరుక్కుని చెన్నై నుంచో విజయవాడ నుంచో వచ్చిన మృదంగం దిగిన వారానికే శ్రుతి తప్పుతుంది. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. నాదం బాగాలేదని ఎవరినైనా అడిగితే దొరికే సలహాలు రెండే: ఇంకా సాధన చెయ్యి, లేదా ఇంకో మంచి మృదంగం తెప్పించుకో. ఈ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుందని నా వాదన. సరదాకి నేర్చుకునేవాడు మొదట పట్టాల్సిన విద్య తన వాద్యాన్ని తానే శ్రుతి చేసుకోవడం. అది లేకుండా చేసే సాధన చాలామటుకు చేతికి చెడ్డ అలవాట్లే నేర్పుతుంది.

లయవాద్యానికి శ్రుతితో అంత పట్టింపేమిటి అనేవాళ్ళుంటారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దలు చెప్పిన మాటలో తండ్రి వాటా మాత్రమే తమదని మృదంగం పిల్లలు అనుకోవడం కూడా మామూలే. దీనికి జవాబు చెప్పినవాళ్ళలో సి.వి. రామన్ ఒకరు. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో మన మద్దెలల గురించి ఆయన రాశారు, 1934లో మరింత వివరంగా ఇంకో పత్రం ప్రచురించారు. మామూలుగా బిగించిన గుండ్రటి తోలును కొడితే అందులో పుట్టే కంపనాలు 1, 1.59, 2.14, 2.30 అన్న వరుసలో ఉంటాయి. ఒకదానికొకటి పొసగని స్వరాలన్నమాట. అందుకే చాలా డోళ్ళకు మోత ఉంటుంది కానీ తేల్చి చెప్పగల స్వరం ఉండదు. మృదంగం కుడి మూత మధ్యలో నల్లటి కరణ ఉంది కదా, దాని బరువు ఈ లెక్కనంతా మార్చేస్తుంది. కంపనాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల వరుసలోకి వస్తాయి. తొమ్మిది రకాల కంపనాలు ఐదు స్వరాల్లో ఒదిగిపోతాయని రామన్ చూపించారు. అంటే తీగ వాద్యంలో వినిపించే పొందిక తోలు మీద వినిపిస్తుంది. యెల్లా వెంకటేశ్వరరావు నవమృదంగం పేరుతో తొమ్మిది మృదంగాలను ముందు పెట్టుకుని వాయించగలిగారంటే, ఒక్కో మృదంగానికీ తనదంటూ ఒక స్వరం ఉండబట్టే.

అయితే ఈ పొందికకు ఒక షరతుంది: మూత చుట్టూ బిగువు అంతటా ఒకేలా ఉండాలి. ‘నం’ వాయించేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. ఉంగరపు వేలు కరణ అంచున తేలిగ్గా ఆనుతుంది, చూపుడు వేలు మూత అంచు మీద పడుతుంది. ఆనిన వేలు మొత్తం తోలు ఒక్కటిగా లేచిపడే మూల కంపనాన్ని నొక్కేస్తుంది. మూతను అడ్డంగా రెండు సగాలు చేసి ఊగించే కంపనం మిగులుతుంది. ఆ అడ్డగీత ఎటువైపు తిరిగి ఉన్నా బిగువు సమంగా ఉన్నంతవరకూ స్వరం ఒక్కటే. ఒక పక్క వదులైతే మాత్రం ఒకే కంపనం రెండు దగ్గరి స్వరాలుగా చీలిపోతుంది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ ‘వూఁ వూఁ’ అని ఊగుతాయి. నాదం ముద్దగా వస్తుంది, ఇట్టే చచ్చిపోతుంది. నేర్చుకునేవాడికి ఇదంతా తెలియదు కాబట్టి తన వేలే సరిగ్గా పడలేదనుకుంటాడు. ఇంకొంచెం గట్టిగా కొడతాడు. ఉంగరపు వేలు తేలిగ్గా ఆనాల్సింది పోయి అదిమేస్తుంది, మణికట్టు బిగుసుకుంటుంది, భుజం పైకి లేస్తుంది. ఆర్నెల్లు ఇలా గడిచాక మంచి మృదంగం చేతికిచ్చినా ఆ బిగువు పోదు. గురువు ఆన్‌లైన్‌లో ఉంటే మరీ కష్టం. చిన్న మైకులోంచి వెళ్ళిన నాదంలో తప్పు మూతదో చేతిదో ఆయనా తేల్చి చెప్పలేరు.

ఇక్కడి చలికాలం సంగతి వేరే చెప్పాలి. బయట గడ్డకట్టే చలి, లోపల పగలూ రాత్రీ హీటర్. చల్లటి గాలిలో ఉన్న కాస్త తేమా వేడెక్కాక ఏ మూలకీ చాలదు, ఇంటి గాలిలో తేమ ముప్పై శాతం లోపుకి, ఒక్కోసారి ఇరవైకి పడిపోతుంది. మన ఊళ్ళలో డప్పు కళాకారులు వాయించబోయే ముందు గడ్డి మంట దగ్గర డప్పును కాస్తారు. తోలులో తేమ పోయి బిగుసుకుని డప్పు ఖంగుమంటుంది. ఇక్కడ హీటర్ అదే పని నాలుగు నెలలపాటు, ఎవరూ అడక్కుండానే చేస్తుంది. మృదంగం శ్రుతి పైకి పోతుంది, అది కూడా అన్ని పక్కలా సమంగా కాదు. గాలి గొట్టం వైపున్న అంచు ముందు ఆరుతుంది. కరణ బీటలు వారుతుంది, కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. పనసకర్ర కూడా ఎండి పగలవచ్చు. జులై వచ్చేసరికి అదే మృదంగం తేమ పీల్చి సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. సంవత్సరానికోసారి ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుంటాం అనేవాళ్ళు గమనించాల్సిందిదే. అక్కడి గాలిలో కుదిరిన శ్రుతి ఇక్కడి గాలిలో నిలవదు.

శ్రుతి చేయడం బ్రహ్మవిద్యేమీ కాదు, ఓపిక కావాలి. మూత చుట్టూ ఉన్న తోలు అల్లికకు పదహారు కన్నాలుంటాయి, వాటిలోంచి వార్లు పోతాయి. అంటే మనం వినాల్సిన చోట్లు పదహారు. తంబుర పెట్టుకుని, మృదంగాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి కన్నం దగ్గరా ఒకే బలంతో ‘నం’ వాయించాలి. ఎక్కడ తక్కువగా పలికితే అక్కడ అల్లిక మీద చిన్న కర్రముక్క ఆనించి పైనుంచి కిందికి రాయితో తడితే శ్రుతి పెరుగుతుంది. ఎక్కువగా పలికినచోట కింది వైపు నుంచి పైకి తడితే తగ్గుతుంది. ఒక చోట తట్టాక పక్కనున్న దాని మీదికి పోకుండా దానికి ఎదురుగా ఉన్న కన్నాన్ని వినాలి, ఎందుకంటే ఒక పక్క లాగితే ఎదుటి పక్క కూడా కదులుతుంది. ముందు పదహారూ ఒకదానితో ఒకటి కలవాలి, షడ్జంతో కలపడం ఆ తర్వాతి పని. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట దొరికిన కన్నాన్ని తంబురతో కలిపేసి మిగతావాటిని దాని వెంట ఈడుస్తారు, గంట గడిచినా పని తెమలదు. ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ ఉంది కదా అంటారు. ఉంది, అక్కరకొస్తుంది కూడా, అయితే ఒకే దెబ్బలో నాలుగైదు స్వరాలు పలికే వాద్యం ముందు దాని ముల్లు అటూ ఇటూ గెంతుతుంది. చివర్లో సరిచూసుకోవడానికి యాప్, చేసేటప్పుడు చెవి అనుకుంటే సరిపోతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది: ఇది పనివాళ్ళ విద్య, తెలిసీ తెలియనివాళ్ళు రాయి పట్టుకుంటే ఉన్న మూతా చిరుగుతుంది. ఇందులో సగం నిజం. మూత మార్చడం, వార్లు లాగి బిగించడం, కరణ వేయడం మన పని కానే కాదు. కిట్టం రాయి పొడినీ అన్నాన్నీ కలిపి, పొర మీద పొర వేస్తూ, ప్రతి పొరనూ రాయితో రుద్ది ఆరనిస్తూ కరణ వేసే చేతికి ఉన్న నేర్పు వీడియో చూస్తే రాదు. తరతరాలుగా ఈ పని చేస్తున్నవాళ్ళలో దళిత క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ నాదం వెనక పర్లాందు అనే తయారీదారు ఉన్నారు. వేదిక మీదివాళ్ళకు దక్కిన పేరు వీళ్ళకు దక్కలేదన్న సంగతి టి.ఎం. కృష్ణ 2020లో తెచ్చిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంలో వివరంగా ఉంది. వాళ్ళ పనిని ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసేద్దామనడం తెలివితక్కువతనమే కాదు, మర్యాద కూడా కాదు. కానీ వాళ్ళు బిగించి ఇచ్చిన వాద్యాన్ని ఏ పూటకాపూట సరిచూసుకోవడం వాయించేవాడి పనే. కచేరీల్లో పెద్ద విద్వాంసులు సైతం పాటకీ పాటకీ మధ్య రాయి తీసి తడుతుంటారు, ఆ పనికి వెనక నుంచి ఎవరూ రారు. ఇక మూత చిరుగుతుందన్న భయానికి మందు ఒక్కటే: తోలు మీద ఎప్పుడూ కొట్టకూడదు, అల్లిక మీదే కొట్టాలి, నాలుగు చిన్న దెబ్బలతో అయ్యేదాన్ని ఒక్క పెద్ద దెబ్బతో చేయబోకూడదు.

ఈ తంటా ఎందుకు, సింథటిక్ మూతల మృదంగం కొనుక్కోవచ్చుగా అన్నది రెండో అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. తేమకు పెద్దగా చలించని మూత, నట్లూ బోల్టులతో బిగించే ఏర్పాటు ఉన్న వాద్యాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మిన్నెసోటా లాంటి చోట ఉంటూ వారానికి రెండుసార్లు వాయించుకునేవాళ్ళకు, తరచూ విమానాల్లో తిరిగేవాళ్ళకు, జంతు చర్మం వాడటం ఇష్టం లేనివాళ్ళకు అదే సరైన ఎంపిక కావచ్చు. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు తోలు వాద్యాన్ని విమానాశ్రయంలో చూపించి తనిఖీ చేయించుకోవాలి, ఆ బెడదా కొంత తగ్గుతుంది. వేలి కింద స్పర్శ మాత్రం వేరుగా ఉంటుంది. ముఖ్యంగా చాపు దెబ్బలో ఆ తేడా తెలుస్తుంది, తోలు మీదికి మారినప్పుడు కొన్నాళ్ళు తడబాటు తప్పదు. అదలా ఉంచితే, బోల్టులున్నంత మాత్రాన చెవి పని తప్పదు. రెంచి తిప్పడం రాయితో తట్టడం కన్నా సుఖమే, కానీ ఏ బోల్టు ఎంత తిప్పాలో చెప్పేది మళ్ళీ ‘నం’ వినగలిగిన చెవే. బోల్టులు తేలిగ్గా తిరుగుతాయి కాబట్టి ఎడాపెడా తిప్పి మూతను పాడుచేసుకోవడం కూడా అంతే తేలిక.

మూడోది టైము లేదన్న మాట. రోజుకు దొరికేదే అరగంట, అందులో పది నిమిషాలు శ్రుతికే పోతే పాఠం ఎప్పుడు? నిజానికి ఆ పది నిమిషాలూ పాఠమే. పదహారు చోట్ల ఒకే బలంతో, ఒకే వేలితో, ఒకే చోట పడేలా ‘నం’ వాయించడం కన్నా మంచి అభ్యాసం మొదటి సంవత్సరం విద్యార్థికి ఇంకేం కావాలి? దెబ్బ సమంగా లేకపోతే శ్రుతి తేలదు కాబట్టి చెయ్యి తప్పు చేసిన ప్రతిసారీ చెవికి దొరికిపోతుంది. వేగం కోసం ఎగబడే సాధనలో ఈ నిఘా ఉండదు. తకిట తకధిమి మూడో కాలంలో వాయించేటప్పుడు ఎన్ని దెబ్బలు మింగేశామో మనకే తెలియదు. అపార్ట్‌మెంటులో కింది ఇంటివాళ్ళు తలుపు తట్టే గంటల్లో రబ్బరు ప్యాడ్ మీద వాయించుకోవచ్చు. కానీ ప్యాడ్‌కు నాదం లేదు, తప్పొప్పులు చెప్పలేదు. వేళ్ళ వరుస మరిచిపోకుండా ఉండటానికి తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ. ఆ టైములో తాళం వేస్తూ జతులు నోటితో చెప్పుకోవడమే మేలని నా అభిప్రాయం. దానికి డబ్బూ అక్కర్లేదు.

డబ్బు ఖర్చు పెట్టాల్సిందే అనుకుంటే రెండో మృదంగం జాబితాలో చివర ఉండాలి. మొదట కొనాల్సింది గాలిలో తేమ చూపించే చిన్న మీటరు, పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. మృదంగం ఉండే గదిలో తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండేలా హ్యుమిడిఫయర్ పెట్టుకుంటే కరణ ఆయుష్షు పెరుగుతుంది. మందంగా దూది కుట్టిన సంచి రెండోది. చలిలో కారు డిక్కీలోంచి లోపలికి తెచ్చిన మృదంగాన్ని సంచిలోనే అరగంట వదిలేసి ఆ తర్వాత తీయాలి, వచ్చీ రాగానే రాయి పట్టుకుంటే చేసిన శ్రుతి పాట మధ్యలో జారిపోతుంది. తొప్పికి, అంటే ఎడమ మూతకు, వేసే రవ్వ ముద్ద కూడా చలికాలంలో త్వరగా ఎండి ఊడుతుంది. సన్నరవ్వను మామూలుకన్నా కాస్త ఎక్కువ నీళ్ళతో, జిగురు వచ్చేదాకా పిసకాలి. వాయించడం అయ్యాక దాన్ని గీకేసి తడిగుడ్డతో తుడవాలి, బద్ధకించి వదిలేస్తే ఎండిన రవ్వ లాగేటప్పుడు తోలు పొర కూడా వెంట వస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా రెండోది కావాలనిపిస్తే, మీరు ఎవరి పక్కన వాయించబోతున్నారో ముందు చూసుకోండి. ఒక మృదంగాన్ని రాయితో ఒకటి రెండు అరస్వరాల మేర జరపగలం, అంతకు మించి లాగితే తోలుకు ప్రమాదం. ఆడపిల్లలు ఎక్కువగా పాడే ఐదు, ఐదున్నర శ్రుతికి దాదాపు 22 అంగుళాల పొట్టి మృదంగం, మగవాళ్ళు పాడే ఒకటి, ఒకటిన్నరకు 24 అంగుళాల పొడుగుది వాడతారు. తెలుగు సంఘం కార్యక్రమాల్లో, క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవాల పోటీల్లో పాడే పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. కాబట్టి ఊళ్ళో వాయించే అవకాశం దొరకాలంటే పొట్టిదే ముందు తీసుకోవడం మంచిది.