కట్టెబారిన కండ

కోడి కండ గురించి వ్రాయడానికేముందని మీరు నవ్వుకోవచ్చు. మా నిజామాబాదు వైపు అది బ్రతుకుతెరువుతో ముడిపడిన సంగతి. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక మా చిన్నాయన చెరకు మాని మక్కలు వేశాడు, ఒక చెలకలో కోళ్ళ షెడ్డు కట్టాడు.

"బిడ్డా, కోడి రొమ్ము కట్టెలెక్క ఐతున్నది. కోస్తే తెల్లచారలు. ఇదేం రోగం?" అని ఒకనాడు ఫోనులో అడిగాడు.

అంటురోగం కాదది. దాణాలో విటమిన్ ఇ, సెలీనియం, గంధకమున్న అమైనో ఆమ్లాలు కొరవడితే కోడిపిల్లల రొమ్ములో చారలు రావడం పూర్వం నుండి తెలిసినదే. అది లేమి తెచ్చే జబ్బు. చిన్నాయన కోళ్ళది కలిమి తెచ్చిన జబ్బు. ఆరు వారాలలో రెండు కిలోలు దాటే బాయిలర్ కోడిలో కండ పెరిగినంత వేగంగా రక్తం అందదనీ, ప్రాణవాయువు చాలక కండపోగులు చచ్చిపోతాయనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ చోట క్రొవ్వు చేరితే చారలు, పీచు చేరితే కట్టెతనం.

మరి కోడిని తిప్పితే సరి అనుకుందామా? రెక్కను పైకెత్తే లోపలి కండ, రొమ్ముటెముకకూ సాగని పొరకూ నడుమ ఇరుక్కుని ఉంటుంది. కదలికకు అలవాటు లేని బరువైన కోడి బెదిరి రెక్కలు టపటపలాడిస్తే ఆ కండ ఉబ్బుతుంది, రక్తం ఆగుతుంది, కండ చచ్చి పచ్చబారుతుంది. అందుకే మసక వెలుతురులో, అలజడి లేకుండా పట్టమని చెప్పాను.

ఆర్మూరు దగ్గరి అంకాపూర్ నాటుకోడి కూర రుచి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ మాంసమూ గట్టిదే. కానీ అది నెలల తరబడి పెంట కెలికి, పొద్దుగూకితే చెట్టెక్కిన కండ బిగువు. షెడ్డు కోడిది మానిన గాయం బిగువు. పంటికి రెండూ గట్టివే. వాటి వెనుక బ్రతుకులు వేరు.

"మేత తగ్గించి నెమ్మదిగా పెంచితే ఈ జబ్బు తగ్గుతుంది" అన్నాను.

"తూకం గూడ తగ్గుతది గద బిడ్డా! కిలోల లెక్కనే నాకు పైసలస్తయి."

దానికి నా చదువులో జవాబు లేదు. ఈ మధ్య పెరట్లోకి పది వనరాజా కోళ్ళు తెచ్చి వదిలాడట. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకానికని రూపొందించిన రకమది. షెడ్డులోవి అంగడికి, పెరట్లోవి ఇంటికి అని పిన్ని నవ్వుతూ చెప్పింది. చిన్నాయన నవ్వలేదు.