రెండున్నర మిల్లీమీటర్ల ప్రాణం

సబ్ మెరైన్ సినిమా అనగానే మనందరికీ ఒక సీను గుర్తుకొస్తుంది. పైన శత్రువుల ఓడ తిరుగుతూంటుంది. కింద ఎర్రలైటు వెలుగులో కెప్టెన్ గొంతు తగ్గించి, "ఇంకా కిందికి!" అంటాడు. ఎక్కడో ఇనుము కిర్రుమంటుంది. హాల్లో మన గుండె కూడా కిర్రుమంటుంది! 1981లో జర్మన్ దర్శకుడు వోల్ఫ్ గాంగ్ పీటర్సన్ తీసిన 'దస్ బోట్'లో ఆ కిర్రు ఉంది. 2017లో రానా నటించిన మన 'ఘాజీ'లోనూ ఉంది.

ఆ కిర్రు కథేమిటో కళ్ళారా చూడాలంటే జర్మనీ ఉత్తరాన ఉన్న కీల్ రేవుకు వెళ్ళాలి. అక్కణ్ణించి బస్సెక్కితే ఓ చిన్న సముద్రతీరపు ఊరు వస్తుంది. పేరు లబో. (దిబో లేదు లెండి!) ఆ ఊరి ఇసుకలో, 72 మీటర్ల ఎత్తున్న నావికుల స్మారక స్తంభం ఎదుట, రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సబ్ మెరైన్ ఒకటి కూర్చుని ఉంది. దాని పేరు యు-995. 1943లో హాంబర్గులో తయారైంది. యుద్ధం అయ్యాక కొన్నాళ్ళు నార్వేవాళ్ళ దగ్గర పనిచేసి, సొంత దేశానికి తిరిగొచ్చి, 1970ల మొదట్లో మ్యూజియం అయి కూర్చుంది. 'దస్ బోట్'లో మనం చూసే యు-96 కూడా ఈ ఏడో రకం కుటుంబానిదే. ఈ రకంవి 700కు పైగా తయారయ్యాయి.

విశాఖ బీచిలో కుర్సురా ఎక్కినవాళ్ళకు ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కుర్సురా పొడవు 91 మీటర్లు, దీనిది 67 మీటర్లు. అయితే ఆ 67 కూడా పైపై వేషమే! బయట మనకు కనిపించే కోణాల ముక్కు, చెక్కల డెక్కు, రంధ్రాల రేకు... ఇవన్నీ మేకప్పు. వాటి కిందికి సముద్రపు నీళ్ళు హాయిగా వచ్చిపోతుంటాయి. అసలు పాత్రధారి లోపలుంటాడు. 50 మీటర్ల పొడవు, మధ్యలో 4.7 మీటర్ల వెడల్పున్న ఉక్కు గొట్టం. మనుషులు బతికేది దాంట్లోనే.

గొట్టమే ఎందుకంటారా? గుడ్డును రెండు కొనల మధ్య పట్టి నొక్కి చూడండి, అంత తేలిగ్గా పగలదు. గుండ్రటి వస్తువు ఒత్తిడిని ఒకచోట నిలవనివ్వక చుట్టూ పంచేస్తుంది. నీళ్ళలో 200 మీటర్లు దిగితే, ఒక్కో చదరపు మీటరు మీదా సుమారు 200 టన్నుల బరువు పడుతుంది. అందుకే ఉక్కు పలకల్ని గుండ్రంగా వంచి, వెల్డింగు చేసి, లోపల పక్కటెముకల్లా ఉక్కు చట్రాలు అమర్చారు. చదరపు మిల్లీమీటరుకు 52 కిలోల లాగుడు తట్టుకునే ఉక్కు అది.

మరి ఆ గొట్టం మందమెంతో చెప్పగలరా? మామూలు ఏడో రకం పడవకు 18.5 మిల్లీమీటర్లు. అంటే మీ బొటనవేలు అడ్డం పెట్టినంత! అవతల సముద్రం, ఇవతల యాభైమంది కుర్రాళ్ళు. కిర్రుమనే చప్పుడు అక్కణ్ణించి వస్తుంది.

యు-995 నాటికి ఇంజనీర్లు ఓ ఉపాయం చేశారు. లోపలి యంత్రాల బరువు తగ్గించి, అలా మిగిలిన 10 టన్నులనూ గొట్టానికి తొడిగారు. మందం 21 మిల్లీమీటర్లయింది. పెరిగింది రెండున్నర మిల్లీమీటర్లే! కానీ ఆ కాస్తతోనే గొట్టం నలిగిపోయే లోతు లెక్కప్రకారం 250 మీటర్ల నుంచి 300 మీటర్లకు జరిగింది.

లోపలికి వెళితే తల వంచాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులో కాలు ముందు దూర్చి వెళ్ళాలి. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పక్కలో ఇంకొకడు పడుకునేవాడు. పాయిఖానాలు రెండే, ప్రయాణం మొదట్లో వాటిలో ఒకదాన్నిండా తిండి సామానే! నేల కింద సీసం బ్యాటరీలు. వాటిమీద సముద్రపు నీరు పడితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. 'దస్ బోట్' కెమెరామన్ యోస్ట్ వకానో, సెట్టింగును కూడా ఇంత ఇరుకుగానే ఉంచితే, కెమెరా చేత్తో పట్టుకుని అందులో పరుగులు తీశాడు. చూసే మనకు ఊపిరాడకపోవడంలో వింతేముంది!

ఇంత చేసీ ఆ రెండున్నర మిల్లీమీటర్లు వాళ్ళని కాపాడాయా? లేదు. గొట్టం ఎంత గట్టిదైనా బ్యాటరీలు అయిపోతాయి. గంటకు 4 నాటికల్ మైళ్ళ నడకన నీళ్ళ కింద 80 మైళ్ళు పోతే ఛార్జి ఖాళీ. డీజిల్ ఇంజన్లు ఆడించాలంటే గాలి కావాలి, గాలి కోసం పైకి రావాలి. పైన విమానాలు రాడార్లతో కాచుకుని ఉండేవి. 1943 మే ఒక్క నెలలోనే 40కి పైగా జర్మన్ సబ్ మెరైన్లు మునిగిపోయాయి. యు-995 నీళ్ళలోకి దిగింది ఆ జులైలో. ఇంజనీర్లు లోతుకు మందు కనిపెట్టారు, చావేమో ఆకాశంలోంచి వచ్చింది! గాలి పీల్చే గొట్టం, స్నోర్కెల్, అమర్చడం మొదలయ్యేసరికి 1944 వచ్చేసింది.

లబో నుంచి కీల్ వైపు తిరిగివస్తుంటే దారిలో మోల్టెనోర్ట్ అనేచోట గోడపొడవునా కంచుపలకలు కనిపిస్తాయి. ఆ పలకలనిండా సబ్ మెరైన్లతో పోయినవాళ్ళ పేర్లు. రెండో యుద్ధంలో వీటిల్లో వెళ్ళిన సుమారు 40 వేలమందిలో 30 వేలమంది తిరిగి రాలేదు. వాళ్ళు ముంచిన ఓడల్లోనూ వేలాదిమంది నావికులు పోయారు. వాళ్ళకూ ఇళ్ళున్నాయి, ఎదురుచూసిన తల్లులున్నారు.

ఈసారి తెరమీద "ఇంకా కిందికి!" అని వినిపిస్తే, హీరో మొహంతోబాటు అతని వెనకున్న గోడను కూడా ఓసారి చూడండి. అది మీ బొటనవేలంత!