సువర్ణరేఖ ఒడ్డున

జంషెడ్‌పూర్‌లోని సోనారి చెంత ఖర్కాయి నది సువర్ణరేఖతో సంగమిస్తుంది. ఆ చోటిని దోముహాని అంటారు. సువర్ణరేఖకు ఆ పేరు తగినదే. దాని ఇసుకలో బంగారు రేణువులున్నాయి. తీరగ్రామాల పేదలు తరతరాలుగా ఇసుకను కొయ్య పళ్ళెంలో పోసి, నీటితో కడిగి కడిగి, ఆ రేణువులను ఏరుకుంటున్నారు. దినమంతా శ్రమిస్తే దొరికేది నలుసంత. ఒక్కొక్కనాడు అదీ ఉండదు.

ఇనుప కర్మాగారానికి తావు వెదకుతూ వచ్చినవారు ఈ నదులలో చూచినది బంగారం కాదు, నీరు. ఆ నీటి అండతోనే 1912లో ఇక్కడ ఉక్కు తయారైంది. పిదప తెలుగునాటి నుండి ఎన్నో కుటుంబాలు బ్రతుకుతెరువుకై వచ్చి స్థిరపడ్డాయి.

నలుసంత పసిడి దొరికిననాడు దేవుని తలచుకోనివారుండరు. కాని దానిని ఇసుక నుండి వేరుచేసినదీ, వెదకి అలసినవారి గొంతు తడిపినదీ నీరే. అరుదైన వరాలను భగవంతుడు వెదికించి ఇస్తాడు. క్షణక్షణమూ అవసరమైన గాలిని, నీటిని, వెలుగును అడగకముందే ఇస్తాడు. మనిషి మొదటివాటిని లెక్కపెడతాడు, రెండవవాటిని లెక్కచేయడు.

వేసవిలో కుండ అడుగంటినపుడు నీటి విలువ ఎవరికైనా తెలుస్తుంది. కుండ నిండుగా ఉన్న ఉదయాన, తొలి గుక్కకు ముందు ఒక్క క్షణం ఆగి తలవంచడమే కృతజ్ఞత.