రిగ్గై బాల్కనీలో జైతూన్

ఆలివ్, అరబ్బీలో జైతూన్, ఎండను తట్టుకుంటుంది. అది తట్టుకోలేనిది కుండీ వేడిని. కువైట్‌లో బాల్కనీ మొక్కలు పెంచుకునే మనవాళ్లకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే. ఈ దేశంలో మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది కూడా. అంత ఎండలోనూ నేలలో పాతిన చెట్టుకు మూరెడు లోతున కాస్త చల్లని మట్టి దొరుకుతుంది, వేళ్లు దాన్ని వెతుక్కుంటూ పోతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేరుకు పోయే చోటు లేదు. జూలై మధ్యాహ్నం మూడింటికి పడమటి బాల్కనీలో కుండీ పక్క మీద అరచెయ్యి ఆనించి చూడండి, వెంటనే తీసేస్తారు. ఆ పల్చని ప్లాస్టిక్‌కు లోపలివైపు ఆనుకుని ఉండేవి లేత వేళ్లు. నీళ్లు తాగేవి అవే, ముందు మాడిపోయేవీ అవే.

రిగ్గైలో మా బిల్డింగులో ఈజిప్టువాళ్లు, సిరియావాళ్లు, మలయాళీలు, మనవాళ్లు అందరూ ఉన్నారు. ఫోర్త్ రింగ్ రోడ్డు రొద రాత్రి కూడా ఆగదు. మా ఎదురు ఫ్లాటులో ఉండే అరబ్బీ టీచరమ్మది జోర్డాన్ పాస్‌పోర్టు, మూలం మాత్రం పాలస్తీనా. 1990కి ముందు కువైట్‌లో 4 లక్షల దాకా పాలస్తీనావాళ్లు ఉండేవారు. ఇరాక్ ఆక్రమణ, యుద్ధం అయ్యాక చాలామంది వెళ్లిపోవాల్సి వచ్చింది. ఈమె తండ్రి అలా వెళ్లినవాడే. కూతురు ఉద్యోగం మీద మళ్లీ వచ్చింది. వాళ్ల ఊళ్లో అక్టోబరులో మొదటి వాన పడి, ఆకుల మీద దుమ్ము కడుక్కుపోయాక కాయ కోతకు దిగుతారట. ఇంటిల్లిపాదీ చెట్ల కింద పరదాలు పరిచి పొద్దస్తమానం అక్కడే ఉంటారట. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆమె చేతులు గాలిలో కొమ్మలు దువ్వుతూ ఉంటాయి.

బడులకు సెలవులిచ్చాక పిల్లలతో అమ్మాన్ వెళ్తూ ఆమె తన ఆలివ్‌ను మా బాల్కనీలోకి తెచ్చింది. నడుమెత్తు చెట్టు. సగం ఆకు రాలిపోయింది. ఉన్న ఆకులు కూడా అంచులు లోపలికి ముడుచుకుని, వేలు తగిలితే ఊడి వస్తున్నాయి. "రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను హబీబ్తీ" అంది. అది నిజం. సాయంత్రం ఆమె పింగాణీ జగ్గుతో బాల్కనీలోకి రావడం నేనూ చూస్తూ ఉండేదాన్ని.

రోగం కనిపెట్టింది మా బిల్డింగు హారిస్, అంటే వాచ్‌మన్. నందలూరు వైపు మనిషి, ఈ పనికి రాకముందు వఫ్రా తోటల్లో ఏళ్ల తరబడి టమాటా, దోస పండించిన చెయ్యి. వచ్చీ రాగానే ఆకుల వైపు చూడలేదు. కుండీ అంచు పట్టుకుని పైకి లేపాడు.

"ఏమమ్మా, ఇంత తేలిగ్గా ఉండాదే! దినామూ నీళ్లు పోసే కుండీ ఇట్లుంటాదా?"

"రోజూ పోసేది అన్నా, నేనే చూశాను."

"పోసింటాది. అది తాగినట్టు లేదు. ఒక చెంబు పొయ్యి, సూద్దాం."

పోశాను. గుటక వేసేంతలో నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి బయటికి వచ్చేశాయి. ఆయన మట్టికీ కుండీ గోడకీ మధ్య వేలు దూర్చి చూపించాడు. వేలు పట్టేంత సందు. "పైన తడి సూసి నమ్మొద్దమ్మా. లోపల బూడిదే."

రిగ్గై పక్కనే అల్ రాయ్‌లో వరసగా నర్సరీలున్నాయి. అక్కడ అమ్మే కుండీ మొక్కల్లో చాలావాటి చుట్టూ ఉండేది మట్టి కాదు, బిత్‌మోస్. చలిదేశాల చిత్తడి నేలల్లో వేల ఏళ్లు కుళ్లిన నాచును తవ్వి, ఎండబెట్టి, బస్తాల్లో నింపి పంపుతారు. తడిగా ఉన్నంతకాలం నీటిని బాగా పట్టి ఉంచుతుంది. ఒక్కసారి పూర్తిగా ఎండిందా, కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది, ఆపైన నీటిని లోపలికి రానివ్వదు. పోసిన నీళ్లు పక్క సందులోంచి జారిపోతాయి. పైపొర తడిసి నల్లగా కనిపిస్తుంది, కింద సాసరులో నీళ్లు నిలుస్తాయి, నడిమి వేరుముద్ద మాత్రం దాహంతో చస్తుంది. పెంచేవాళ్లకు ఇంతకంటే మోసపుచ్చే జబ్బు లేదు. నీళ్లెక్కువై కుళ్లినా ఆకు రాలుతుంది, నీళ్లందక ఎండినా ఆకు రాలుతుంది. పైనుంచి చూసి తేల్చుకోలేం. బరువు చూడాలి, లేదా సన్నటి వెదురు పుల్ల లోతుగా గుచ్చి, తీసి, పుల్లకు చెమ్మ అంటిందా లేదా చూడాలి.

బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు నిండా నీళ్లు పట్టి కుండీని అంచుదాకా ముంచాం. మొదట చెట్టుతో సహా తేలబోయింది, అంత ఎండిపోయి ఉంది. హారిస్ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. కాసేపటికి కాండం మొదట్లోంచి బుడగలు లేచాయి, ముందు పెద్దవి, తర్వాత ఆవగింజంతవి, ఒక చోట ఆగి మరో చోట. తెల్లటి పెర్లైటు గింజలు, గోధుమరంగు పొట్టు నీటి మీదికి వచ్చి టబ్బు అంచున చేరాయి. బుడగలు పూర్తిగా ఆగాక తీసి, ఇటుకల మీద పెట్టి నీళ్లు కారనిచ్చాం. ఈసారి ఎత్తడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది.

అప్పుడు గోరు పరీక్ష. చివరి కొమ్మ మీద బెరడు రవ్వంత గీకితే లోపల గోధుమరంగు, పుటుక్కున విరిగింది. ఇంకాస్త కిందికి వచ్చి గీకితే లేత ఆకుపచ్చ, తడిగా ఉంది. ప్రాణం ఎక్కడిదాకా ఉందో అలా తెలుస్తుంది. ఎండు కొమ్మలు కత్తిరించబోతే ఆయన వద్దన్నాడు. ఈ వేడిలో కత్తెర పెట్టొద్దు, వేరు కదపొద్దు, కుండీ మార్చొద్దు, అన్నీ చలి మొదలయ్యాకే అన్నాడు. జూలైలో కుండీ మార్చి చెట్లను చంపుకున్న ఇళ్లు రిగ్గైలో కావలసినన్ని ఉన్నాయి.

నీళ్ల సంగతి కువైట్‌లో వేరే చెప్పుకోవాలి. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకున్న ఊరు ఇది. ఉప్పునీటిని మంచినీరు చేసే మొదటి పెద్ద ప్లాంటు 1953లో మొదలైంది. ఏడాదికి పడే వాన సగటున 110, 120 మిల్లీమీటర్లకు మించదు, అదీ ఎక్కువగా చలికాలంలోనే. ఆలివ్ ఎంత మొండిదైనా అంత తక్కువ వానతో బతకలేదు, ఇక్కడ ప్రతి చుక్కా మనిషి పోయాల్సిందే. ఇక వేసవిలో మిద్దె మీది ట్యాంకు కాగి కాగి, మధ్యాహ్నం చన్నీళ్ల పంపు తిప్పితే వేణ్నీళ్లు వస్తాయి. గీజరు ఆపేసి అందులో నిలిచిన నీళ్లను చన్నీళ్లుగా వాడుకోవడం ఇక్కడ అందరికీ అలవాటే. ఆ ట్యాంకు నీళ్లు సాయంత్రం పూట నేరుగా కుండీలో పోస్తే, అసలే వేడెక్కి ఉన్న వేరుకు మరింత వేడి. రాత్రి బకెట్లో పట్టి ఉంచి తెల్లవారుజామున పోయాలి. ఏసీ పైపు కింద పట్టిన నీళ్లూ మంచివే, వాటిలో ఉప్పు ఉండదు. షమాల్ గాలి పొడిగా వీచే రోజుల్లో ఆ పైపు పెద్దగా కారదు, ఆగస్టు చివర గాలిలో తేమ పెరిగాక బకెట్టు నిండుతుంది. కుండీ అంచున తెల్లటి పొరకు కారణం నీళ్లలోని ఉప్పు, ఎరువు. నెలకోసారి అడుగు నుంచి ధారాళంగా కారిపోయేలా పోస్తే అది కొట్టుకుపోతుంది.

వేడికి మందు బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, దొరికింది. ద్రాక్షపళ్లు వచ్చే పెద్ద థర్మోకోల్ పెట్టె అడిగి తెచ్చి, అడుగున రంధ్రాలు చేసి, కుండీని అందులో దించి, చుట్టూ సందులో బాస్మతి బియ్యం గోనెసంచి కుక్కాను. మా బాల్కనీ తూర్పు ముఖం, పది గంటల దాకా ఎండ, ఆ తర్వాత నీడ. మామూలుగా ఆలివ్‌కు ఆ ఎండ చాలదు, జబ్బు చెట్టుకు జూలైలో అదే ఎక్కువ. మూడు రోజులకోసారి మధ్యాహ్నం పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తే కుండీ గోరువెచ్చగా ఉండేది. నా వరకు నేను నిశ్చింతగా నిద్రపోయింది ఆ గోరువెచ్చదనం చూశాకే.

చెట్టు చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి పొయ్యమన్నారు. అరటితొక్క నీళ్లు, టీ పిప్పి, బియ్యం కడుగు, నర్సరీలో అమ్మే నీలం గుళికలు. అందరిదీ ప్రేమే. కానీ వేరు దెబ్బతిన్న చెట్టు ఎరువును తీసుకోలేదు, ఆ ఉప్పు వేరు చుట్టూ పేరుకుని ఉన్న నీటిని కూడా అందనివ్వదు. కొత్త చిగురు వేసి పెరగడం మొదలయ్యాకే ఎరువు, అదీ పల్చగా. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు, మా అత్తమ్మ ఫోనులో చెప్పిన బియ్యం కడుగుతో సహా.

దుమ్ము సంగతి కూడా. తోజ్, అంటే దుమ్ము తుఫాను, లేచిన మర్నాడు ఆకులు మట్టిరంగులోకి తిరుగుతాయి. ఆలివ్ ఆకు పైభాగం తోలుగా, ముదురు పచ్చగా ఉంటుంది. అడుగు వెండిరంగు. ఆ వెండిరంగు సన్నటి పొలుసులది, ఆకు ఊపిరి తీసే రంధ్రాలన్నీ అడుగునే, ఆ పొలుసుల చాటున ఉంటాయి. నీరు ఆవిరైపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. కాబట్టి పైన పట్టిన దుమ్మును సాయంత్రం నీళ్లు చిలకరించి కడిగేస్తే చాలు, గుడ్డ పెట్టి రుద్దకూడదు. కడిగేటప్పుడే అడుగున నల్లటి బొడిపెలు, బంక ఏమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. అవి పొలుసు పురుగులు, తడి దూదితో తుడిస్తే పోతాయి.

మన మల్లె, సన్నజాజి, పారిజాతం అన్నీ ఈ ఆలివ్ కుటుంబంలోవే. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నాకు ఇది పరాయి చెట్టు కాదు. ఆలివ్ పువ్వును దగ్గరగా చూస్తే నాలుగు తెల్ల రెక్కలు, అన్నీ కింద కలిసిపోయి, వడ్లగింజకంటే చిన్నగా ఉంటుంది. పారిజాతం తెలిసిన కళ్లకు ఆ పోలిక దొరుకుతుంది. టీచరమ్మకు ఈ మాట చెప్పినప్పుడు, శుక్రవారం నేను పెట్టుకున్న మల్లెచెండు వాసన చూసి, "అయితే మనం చుట్టాలం" అంది.

చుట్టరికం ఉన్నా స్వభావం వేరు. మల్లెకు చలి అక్కర్లేదు, ఆలివ్‌కు కావాలి. చలికాలంలో కొన్ని వారాలు చల్లటి రాత్రులు పడకపోతే వసంతంలో పూత రాదు. మన కడప, నెల్లూరు వైపు నాటొచ్చా అని అడుగుతుంటారు. నాటొచ్చు, ఆకులతో పచ్చగానే ఉంటుంది, పూత మీద ఆశ పెట్టుకోకూడదు. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో 2008 నుంచి ఆలివ్ తోటలు వేశారు, బికనేర్ జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో నూనె మిల్లు కూడా పెట్టారు. అక్కడి ఎడారి రాత్రుల చలి దానికి ఆసరా. సౌదీ ఉత్తరాన అల్ జౌఫ్‌లోనూ అందుకే లక్షల చెట్లు కాస్తున్నాయి. కువైట్‌లో జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. చెట్టు వణుకుతుందని జాలిపడి హాల్లోకి తెచ్చుకునేవాళ్లను చూశాను. చెట్టుకు ఏడాదంతా మనం ఇవ్వలేనిది ఆ చలి ఒక్కటే, అదీ ఉచితంగా వస్తుంటే తలుపు మూయడం ఎందుకు?

ఈ చెట్టును చూసి వలస బతుకుల మీద రాయమన్నారు ఒకరు. నాకు అలా రాయాలని లేదు. చెట్టు కష్టం చెట్టుది. దాన్ని మన కష్టానికి గుర్తుగా పెట్టుకుంటే, కుండీ బరువు చూడటం మానేస్తాం.

బడులు తెరిచే వేళకు టీచరమ్మ వచ్చింది. పై కొమ్మలు రెండు పూర్తిగా పోయాయి. మొదట్లో, కాండం ఉబ్బెత్తుగా ఉన్న చోట, వేలెడేసి కొత్త రెమ్మలు ఎదురెదురు ఆకులతో లేచాయి. ఆలివ్‌కు ఆ శక్తి ఉంది, పైన ఎంత పోయినా మొదట్లో దాగిన మొగ్గలు మేలుకుంటాయి. క్రీట్ దీవిలో వూవెస్ అనే ఊరి చెట్టుకు 2 వేల ఏళ్లకు పైబడి వయసుంటుందని అంచనా, కాండం లోపల డొల్లే, కాయ మాత్రం ఇప్పటికీ కాస్తుంది. టీచరమ్మ కుండీ ముందు గొంతుక్కూర్చుని రెమ్మలను ఒక్కొక్కటే చూసి, ఆకు అడుగు వెండిరంగును వేలితో తాకి, "ఇది నబాలీయేనా?" అని అడిగింది. నబాలీ వాళ్ల ఊరి రకం, నూనెకు పేరున్నది. నర్సరీవాళ్లు కుండీకి కట్టిన చీటీ మీద జైతూన్ అని తప్ప ఇంకేమీ లేదు.

ఆకు చూసి రకం తేల్చడం కష్టం. తెలిసినవాళ్లు కాయ లోపలి గింజను చూసి చెబుతారు, దాని ఆకారం, కొన, మీది గీతలు రకానికో తీరుగా ఉంటాయి. ఆలివ్ పూసేది కిందటి ఏడు పెరిగిన రెమ్మ మీద. కాబట్టి ఇప్పుడు వచ్చిన రెమ్మల్లో బలమైనవి మూడు ఉంచి తక్కినవి తీసేయాలని, ఆ మూడింటికి ఈ చలికాలంలో కత్తెర తగలకూడదని హారిస్ అన్నాడు. అక్టోబరు చివర మట్టికుండీలోకి మార్చాలి, సగానికి సగం ఇసుకమట్టి కలపాలి, బిత్‌మోస్ తక్కువ. కుండీ డబ్బు తనదేనని టీచరమ్మ, మోసుకొచ్చే కూలి తనదేనని హారిస్ వాదులాడుకున్నారు. నబాలీ అవునో కాదో తెలియాలంటే ఒక్క కాయ కాస్తే చాలు.