గుడ్డు ఒకటి, క్రియలు అనేకం



మా హోసూరు ప్రాంతపు బడిలో ఏడవ తరగతి పిల్లలను, "మీ ఇంట కోడిగుడ్డును ఎన్ని విధాలుగా వండుతారు?" అని వ్రాయమన్నాను. వంటకాలు నాలుగైదు వచ్చాయి. క్రియ మాత్రం అందరిదీ ఒక్కటే: "చేస్తారు." పులుసు చేస్తారు, పొరటు చేస్తారు, అట్టు చేస్తారు. ఉడకడం, వేగడం, మగ్గడం అనే మాటలు ఏ పలకమీదా కనబడలేదు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళనాట మొదటి తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి అయింది. ఆ భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసిందే. అయితే బడిలో తెలుగుకు చిక్కే కొద్ది సమయంలో వంటింటి క్రియలన్నీ చెప్పడం సాధ్యం కాదు. అవి పొయ్యి దగ్గరే రావాలి. అందుకు గుడ్డును మించిన పాఠ్యవస్తువు లేదు. చవకైనది, పావుగంటలో వంటకమయ్యేది.

మొదట పరీక్షించడం నేర్పండి. గిన్నెడు నీటిలో గుడ్డును వేస్తే, తాజాది అడుగున పడుకుంటుంది, కొన్నాళ్లు నిలవున్నది నిలబడుతుంది, తేలినదాన్ని పారవేయాలి. తరువాత ఉడికించడం. మరుగుతున్న నీటిలోకి మెల్లగా దింపితే ఆరేడు నిమిషాలకు పచ్చసొన జారుగా, పది పన్నెండు నిమిషాలకు గట్టిగా ఉంటుంది. మరీ ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని పొర కడుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలవడమే అందుకు కారణం. దించగానే చన్నీటిలో వేస్తే పెంకు సులభంగా ఊడుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డుకంటె వారంనాటి గుడ్డు పెంకు తేలికగా వస్తుంది.

ఇక వేయించడం. ఉడికిన గుడ్లకు నాలుగు గాట్లు పెట్టి, పసుపు, కారం, ఉప్పు కలిపిన నూనెలో పొర్లించాలి. గాట్లు లేకుంటే గుడ్డు పేలి నూనె చిందుతుంది. "గాటు", "పొర్లించు", "చిందు": మూడు మాటలు ఒక్క బాణలిలో!

పొరటుకు ఎర్రగడ్డలను (కోస్తావారు ఉల్లిపాయలంటారు) సన్నగా తరిగి, మూతపెట్టి మగ్గనివ్వాలి. తరువాత గుడ్లు పగలగొట్టి పోసి, అర నిమిషం ఆగి పొరటాలి. వెంటనే కలిపితే ముక్కలు కట్టక ముద్దవుతుంది. అట్టుకైతే ముందే బాగా గిలకొట్టాలి. పక్కనున్న కొంగునాటి హోటళ్లలో సగం ఉడికీ ఉడకని గుడ్డట్టును "కలక్కి" అంటారు. ఆ పేరులోని తమిళ క్రియకు, మన "కలచు"కు ఉన్న చుట్టరికాన్ని పిల్లలకు చూపండి. రెండు భాషలూ ఒకే పెనంమీద కనబడతాయి.

నాకు అన్నింటికంటె ఇష్టమైనది మా అమ్మ పెట్టే పులుసు. ఆమె గుడ్లను ముందుగా ఉడికించేది కాదు. ఆవాలు, మెంతులు, కరివేపాకుతో తిరగవాత వేసి, ఎర్రగడ్డలు మగ్గించి, చింతపండు రసం పోసి, పచ్చివాసన పోయేదాకా మరగనిచ్చేది. మంట తగ్గించి, ఒక్కొక్క గుడ్డునూ చిన్న గిన్నెలోకి పగలగొట్టి, పులుసులోకి జార్చేది. అయిదారు నిమిషాలు గరిటె పెట్టనిచ్చేది కాదు. "కదపకు, కుదురుకోనీ" అనేది. "కుదురుకోవడం" అనే మాటకు నిఘంటువు చెప్పే అర్థంకంటె స్పష్టమైన అర్థం నాకు ఆ గిన్నెలో కనబడింది. రాగి సంగటిలో గుంట చేసి ఆ పులుసు పోసుకుంటే మరొక కూర అక్కరలేదు.

గుడ్డు ముట్టని ఇండ్లవారు వంకాయతో ఈ పాఠమే చెప్పవచ్చును. క్రియలు మారవు.

తల్లిదండ్రులారా, ఈ ఆదివారం బిడ్డను పొయ్యి దగ్గరకు పిలవండి. పక్కనే నిలబడి, చేతితో ఏ పని చేయిస్తున్నారో ఆ మాటను నోటితో పలికించండి. అమ్మమ్మ ఇంట ఉంటే ఆమెనే గురువుగా కూర్చోబెట్టండి. మనకు తెలియని మాటలు ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి. ఉపాధ్యాయులారా, సోమవారం నాడు పిల్లలను వంటకాల పేర్లు అడగవద్దు. ఏమేమి చేశారో అడగండి, ప్రతి వాక్యానికీ వేరొక క్రియ ఉండాలనండి.