కళ్లంలో చుక్కలు

మా ఊళ్ళో ఆకాశం వంక చూడని రైతు ఉండడు. కాని ఆ చూపంతా మబ్బు కోసమే. పత్తి విత్తనం పెట్టినప్పుడు మబ్బు రావాలి. మిరపకాయ కళ్లంలో ఆరబోసినప్పుడు రాకూడదు. వచ్చిందా, పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగు! ఇక రాత్రిపూట ఆకాశంలో ఏముందో చూసే తీరిక ఎవరికుంది? "పట్టపగలే చుక్కలు కనపడతన్నయ్యి, మళ్ళీ రాత్రిపూట కూడా చూడాలా?" అంటాడు మా బాబాయి, యార్డులో ధర విని వచ్చిన రోజున.

తమాషా ఏమంటే, ఆ బాబాయే ఏ పనికైనా కార్తె చూడందే కదలడు. భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర... ఇవన్నీ చుక్కల పేర్లే కదా! సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అది ఆ కార్తె. ఏడాదికి ఇరవై ఏడు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. మే నెలాఖరున రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలు. ఆ పక్షం రోజుల్లో రోహిణి చుక్క కోసం ఎంత వెతికినా కనపడదు. సూర్యుడితోపాటే లేచి, సూర్యుడితోపాటే మునుగుతుంది. అంటే మొదట ఈ లెక్క కట్టిన మనిషి, తెల్లవారుజామునా మునిమాపునా కనపడే చుక్కల్ని చూసి చూసి, కనపడని చుక్క ఎక్కడుందో చెప్పగలిగాడన్నమాట. ఆ మనిషి మన కాలేజీలో చదివి ఉండడు. బహుశా పశువులు కాసుకునేవాడో, పొలం కావలి పడుకునేవాడో అయి ఉంటాడు.

ఇంకో సంగతి. అమరావతి అక్షాంశం సుమారు పదహారున్నర డిగ్రీలు. రోహిణి నక్షత్రం కూడా భూమధ్యరేఖకు ఉత్తరంగా సరిగ్గా అంతే దూరంలో ఉంది. కాబట్టి రోజుకొక్కసారి ఆ చుక్క మా ఊరివాళ్ళ నడినెత్తి మీదుగా వెళ్ళితీరుతుంది. జనవరి రాత్రుల్లో అయితే కంటికి కనపడుతూ వెళ్తుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం, తలగుడ్డ చుట్టుకుని నాన్న పొలంలో నిలబడ్డప్పుడు కూడా అది నెత్తిమీదే ఉంటుంది. ఎండ దాన్ని దాచేస్తుంది, అంతే. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ నాకు చుక్కల్ని ఫోటో తీయాలన్న పిచ్చి పట్టుకుంది.

హాస్టల్ డాబా మీద ఆ పని సాగదు. చుట్టూ దీపాలే. అందుకని 2025 ఏప్రిల్ నెలాఖరున, అమావాస్య రోజులు చూసుకుని, మా సీనియర్ ఒకాయన్ని బతిమాలి తెచ్చుకున్న పాత కెమెరాతో ఇంటికి చేరాను. అమరావతి దాటి పడమటి వైపు, కృష్ణకి ఇవతల నల్లరేగడి చేలల్లో మా కళ్లం. ఆఖరు కోత కాయ ఇంకా అక్కడే ఉంది. రెండేళ్ళ కిందట క్వింటాలు ఇరవై వేలు దాటిన మిర్చి ఆ ఏడు సగానికి పడింది. ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం ధర 11,781 రూపాయలని ప్రకటించింది. ఆ కాయని అయినకాడికి అమ్మాలా, కోల్డు స్టోరేజీలో పెట్టాలా అని నాన్న రోజుకో లెక్క వేస్తున్నాడు. రాత్రుళ్ళు కావలి తప్పదు. కళ్లం మధ్య గుంజకి కట్టిన పెద్ద బల్బు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది.

"నాన్నా, బల్బు ఒక్క గంట ఆపుదామా?" అన్నాను.

"ఎందుకు?"

"చుక్కలు ఫోటో తియ్యాలి."

నాన్న కుప్ప వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏమొచ్చుద్దిరా దానివల్ల?"

మిత్రులారా, సైన్సు చదివే రైతు బిడ్డలందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఏ పరీక్షలోనూ ఇంత కష్టమైన ప్రశ్న రాదు. ఆ ఏడు నా ఫీజుకీ, పురుగు మందుల బాకీకీ ఆ కుప్పే దిక్కు. అందుకని నేను పుస్తకాల జవాబు చెప్పలేదు. గుంటూరు సంగతి చెప్పాను.

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రాలు దాటి వచ్చి, గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం పెట్టాడు. ఇంగ్లీషువాళ్ళ తరఫున మేజర్ టెనంట్ బృందం అదే ఊళ్ళో దుర్భిణీ నిలబెట్టి, మందు పూసిన గాజు పలకల మీద గ్రహణాన్ని ఫోటోలు తీసింది. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ బందరు వెళ్ళాడు. ఇంత శ్రమా అయిదు నిమిషాల పైచిలుకు చీకటి కోసం! సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని విడదీసి చూస్తే, అందులో ఒక పసుపు గీత కనపడింది. మొదట అది సోడియం గీతేమో అనుకున్నారు. కాదని తేలింది. భూమి మీద ఎవరూ ఎరగని మూలకం అది. సూర్యుడి పేరుమీదుగా హీలియం అని పేరు పెట్టారు. 1895లో గాని రామ్సే దాన్ని భూమి మీద పట్టుకోలేకపోయాడు.

"ఆ హీలియాన్ని ద్రవంగా మార్చి ఎమ్మారై మిషన్లో అయస్కాంతం చల్లబరుస్తారు నాన్నా. నాయనమ్మకి నడుం నొప్పొచ్చినప్పుడు గుంటూరు తీసుకెళ్ళి స్కానింగ్ చేయించావు చూడు, ఆ మిషన్లో ఉండేది అదే. గ్రహణం చూట్టానికి వచ్చినోళ్ళని అప్పుడు ఎవరన్నా అడిగితే, ఏమొచ్చుద్దో వాళ్ళకీ తెలియదు" అన్నాను.

నాన్న ఏమీ అనలేదు. లేచి వెళ్ళి బల్బు ఆపాడు. టార్చిలైటూ కర్రా తీసుకుని కుప్ప చుట్టూ తిరగటం మొదలుపెట్టాడు. "గంటే. టార్చి నీ వైపు వెయ్యన్లే" అన్నాడు.

బల్బు ఆరగానే ఎర్రటి మిర్చి కుప్ప నల్లటి దిబ్బ అయిపోయింది. చీకట్లో చూపునిచ్చే కణాలకి రంగు తెలియదు. ఆ చీకటికి కన్ను అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. కంటికి ఇంకో లోపం కూడా ఉంది. వచ్చిన వెలుగుని వచ్చినట్టే ఖర్చు పెట్టేస్తుంది, దాచుకోలేదు. కెమెరా దాచుకుంటుంది. బొట్టు బొట్టుగా కారే కుళాయి కింద కుండ పెట్టినట్టు, మూత తెరిచి ఇరవై సెకండ్లు ఉంచితే కంటికి ఆనని చుక్కలు కూడా అందులో నిండుతాయి. అలాగని ఎంతసేపైనా ఉంచుదామా అంటే, భూమి ఊరుకోదు. గంటకి పదిహేను డిగ్రీల చొప్పున తిరుగుతూనే ఉంటుంది. ఇరవై సెకండ్లలోనే ఆకాశం చందమామ వెడల్పులో ఆరోవంతు జరుగుతుంది. అంతకు మించితే చుక్క గీత అవుతుంది.

స్టాండు లేదు. మిర్చి టిక్కీ మీద తువ్వాలు పరిచి, మధ్యలో గుంట చేసి కెమెరాని కూర్చోబెట్టాను. ఏ స్టాండూ దాని ముందు చాలదు. ఒకటే చిక్కు, ఘాటు. సరిగ్గా మూత తెరుచుకున్నప్పుడే నాకు తుమ్ము వచ్చింది. ఆ ఫోటోలో నక్షత్రాలన్నీ తుమ్మినట్టే ఉన్నాయి.

తర్వాతది బాగా వచ్చింది. పడమటి దిక్కు. దిగిపోతున్న రోహిణి, దానికి పైన గురుడు, పక్కన వరుసగా మూడు చుక్కలు. కెమెరా వెనక అద్దంలో చూపించాను. నాన్న కళ్ళు చిట్లించి చూసి, "ఇయ్యి గొర్రుకొయ్యలు గదరా! మా నాయన చూపించేవోడు. పిల్లలకోడి ఏది మరి?" అన్నాడు. పిల్లలకోడి అంటే కృత్తిక. అప్పుడే మునిగిపోయిందని చెప్పాను. ఇరవై ఏళ్ళలో నాన్న నోట చుక్కల పేర్లు వినటం నాకదే మొదలు. నేను పుస్తకంలో చదివి ఒరాయన్ నడికట్టు అని నేర్చుకున్నవి మా తాతకి విత్తనం వేసే గొర్రు.

తూర్పున స్వాతి చాలా పైకి వచ్చింది. దాని వెలుగు మనల్ని చేరటానికి దాదాపు 37 ఏళ్ళు పడుతుంది. ఆ రాత్రి మా కెమెరాలో పడ్డ వెలుగు 1988 ప్రాంతాల బయల్దేరింది. అప్పటికి నాన్న పదేళ్ళవాడు. వాళ్ళ నాయన వెంట ఇదే కళ్లంలో పడుకునేవాడట.

ఉత్తరాన ధ్రువుణ్ణి కూడా తీశాను. మనకి అది పదహారున్నర డిగ్రీల ఎత్తునే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పెడితే నేలకి పిడికిలిన్నర పైన. మన అమరావతి స్తూపానికి శిల్పాలు చెక్కిన రోజుల్లో, రెండు వేల ఏళ్ళ కిందట, ఆ నక్షత్రం ధ్రువ బిందువుకి సుమారు పన్నెండు డిగ్రీల దూరంలో ఉండేది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగుతుంది మరి. స్థిరానికి మారుపేరైన ధ్రువుడికి కూడా ఆ చోటు శాశ్వతం కాదు.

గంట అయింది. బల్బు వేశాం. పడుకున్నాం. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి కాబోలు, నాన్న తట్టి లేపాడు. "లేరా. మళ్ళీ ఆపా. అటు చూడు, అదేందో తెల్లగా లేసింది."

పాలపుంత! ఆగ్నేయాన ఎర్రటి జ్యేష్ఠ, మూల చుక్కల కొక్కెం, వాటి పక్కనే తెల్లటి పొగలాగా పాలపుంత నడిబొడ్డు. ఆ ఫోటోలో జ్యేష్ఠ పండుమిరపకాయ రంగులో వచ్చింది. కింద మిర్చి కుప్ప కూడా మసక ఎరుపులో పడింది. మా కంటికి మాత్రం అది నల్లగానే ఉంది.

అదే ఫోటోలో ఇంకొకటి కూడా పడింది. ఆ దిక్కునే నేల అంచున ఒక వెలుగు పొర. మాకు అటువైపే రాజధాని ఊళ్ళు, మంగళగిరి, బెజవాడ. కంటికి చీకటిగానే అనిపించిన చోట కెమెరా ఆ వెలుగుని పట్టి చూపించింది. పాలపుంత సరిగ్గా దానిలోంచే లేచి రావాలి. 2015లో రాజధాని కోసం రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు; మా మేనమామ కూడా అందులో ఉన్నాడు. ఆగిన పనులు 2025 మే 2న మళ్ళీ మొదలైనప్పుడు ఆయన కళ్ళలో వెలుగు నేను చూశాను. దీపాలు వద్దనే నోరు నాకు లేదు. నగరం రావాలి, దీపాలూ రావాలి. కాని దీపం వెలుగు రోడ్డు మీద పడాలి గాని ఆకాశం మీద ఎందుకు? పైన చిన్న టోపీ పెట్టి వెలుగుని కిందికి దించితే కరెంటూ కలిసొస్తుంది, చుక్కలూ మిగులుతాయి. లదాఖ్‌లోని హాన్లేని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అంత చీకటి మాకు దక్కదు. ఇప్పుడే కట్టుకుంటున్న ఊరు గనక, మొదటినుంచీ టోపీ పెట్టిన దీపాలే వేసుకోవచ్చు గదా అని నా ఆశ.

మిర్చి చివరికి కోల్డు స్టోరేజీకే వెళ్ళింది. ఫోటో మాత్రం ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు పక్కన గోడ మీద ఉంది. బాబాయి కార్తె చూడటానికి వచ్చినప్పుడల్లా దాన్ని కూడా ఓసారి చూసి పోతున్నాడని అమ్మ ఫోన్లో చెప్పింది.

ఈ వేసవి సెలవులకి ఊరెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పెద్ద కెమెరా లేకపోయినా ఫరవాలేదు. ఇప్పటి ఫోన్లు చాలావాటిలో రాత్రి ఫోటోలకి ఏర్పాటు ఉంది. కదలకుండా ఆనించి పెడితే చాలు. అమావాస్య దగ్గర్లో చూసుకోండి. ఇంటి ముందు దీపం కాసేపు ఆపండి. ఊళ్ళో పెద్దవాళ్ళనెవర్నైనా పక్కన కూర్చోబెట్టుకోండి. పేర్లు వాళ్ళకి తెలుసు.