ముందు బరువు ఆపు... తర్వాతే బోల్టు విప్పు!

లారీలకు పేరుపడ్డ ఊరు సాలూరు. టన్నుల బరువు మోసే కమాను కట్టలు విప్పేముందు ఏం చేయాలో అక్కడి షెడ్లలో పనిచేసే కుర్రాళ్లకు కూడా తెలుసు. ఇంటి ముంగిట బైకు షాకబ్జార్బర్లు మార్చుకోవాలనుకునేవాళ్లకు కావాల్సిందీ ఆ పాఠమే.

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళ్తే వేగావతి ఒడ్డున వస్తుంది సాలూరు. విజయనగరం జిల్లాలో ఉండే ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఊరు దాటి పాచిపెంట మండలంలోకి అడుగుపెడితే పి.కోనవలస ఘాట్‌ రోడ్డు. సుంకి మీదుగా ఒడిశాలోని కొరాపుట్‌కు చేర్చే ఈ దారి ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. సాలూరు సముద్రమట్టానికి 100 మీటర్లకు కాస్త పైన ఉంటే కొరాపుట్‌ 800 మీటర్ల పైమాటే. అంత ఎత్తు ఎక్కి దిగే దారి మొదట్లో ఉన్న ఊళ్లో లారీ యజమానులు, బాడీలు కట్టేవాళ్లు, మెకానిక్కులు పెరిగారంటే వింతేముంది!

లారీలు తిరిగే ఆ మలుపుల్లోనే బైకులూ తిరుగుతాయి. వెనక సంత సరుకుల మూట, ముందు ట్యాంకు మీద పిల్లాడు... ఇదీ ఇక్కడి బండి పరిస్థితి. కారు వెళ్లలేని కొండ దారుల్లో బైకే దిక్కు. అందుకే ఏజెన్సీ ప్రాంతాల రోగుల కోసం 2018లో ప్రభుత్వం బైకులతోనే ఫీడర్‌ అంబులెన్సులను ప్రవేశపెట్టింది.

ఊగితే అనుమానించాలి

లారీ కమాను కట్టలో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊపు కొంత తగ్గుతుంది. బైకు స్ప్రింగుకు ఆ వీలు లేదు. గుంతలో పడ్డప్పుడు దెబ్బను స్ప్రింగు తీసుకుంటే, తర్వాత వచ్చే ఊపును లోపలి ఆయిల్‌ ఆపుతుంది. ఆ ఆయిల్‌ కారిపోతే చక్రం గంతులేస్తుంది. టైరు నేలను వదిలిన ఆ క్షణంలో ఎంత బ్రేకు వేసినా బండి ఆగదు. ఘాట్‌ దిగేటప్పుడు అసలు ప్రమాదం అదే. సీటును గట్టిగా నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగినా, రాడ్డు మీద ఆయిల్‌ తడి కనిపించినా మార్చాల్సిందే.

స్టాండులోనే ఉంది కిటుకు

లారీ షెడ్డులో ఛాసిస్‌ కింద జాకీ వేసి, దిమ్మలు పేర్చాకే కమాను మీద చెయ్యి వేస్తారు. బైకుకూ అంతే. గట్టి, సమమైన నేల మీద మెయిన్‌ స్టాండు వేయాలి. అది ఫ్రేముకు బిగించి ఉంటుంది కాబట్టి బండి బరువు షాకబ్జార్బర్ల మీద పడదు. సైడ్‌ స్టాండు పనికిరాదు. షోరూముల్లో వాడే ప్యాడాక్‌ స్టాండు వెనక చక్రాన్ని పట్టే స్వింగ్‌ ఆర్మ్‌ను లేపుతుంది. బరువు మళ్లీ షాకబ్జార్బర్ల మీదే ఉంటుంది. వాటిని విప్పితే బండి ఒక్కసారిగా కిందికి కూర్చుంటుంది. వేళ్లు నలిగేది అక్కడే. మెయిన్‌ స్టాండు లేని బళ్లకు ఫ్రేము కింద చెక్క పెట్టి జాకీ వేయాలి. ముందు చక్రం కదలకుండా అడ్డు పెట్టుకోవాలి.

ఒకదాని తర్వాత ఒకటి

షాకబ్జార్బర్లను ఎప్పుడూ జతగానే మార్చాలి. అలాగని రెండూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, కొత్తది బిగించాకే రెండోదాని జోలికెళ్లాలి. రెండోది ఆధారంగా ఉంటే చక్రం కిందికి జారదు, రంధ్రాలు తప్పిపోవు. బోల్టు బిగుసుకుంటే చక్రం కింద పలుచని చెక్క దూర్చి కాస్త లేపితే వదులవుతుంది. సుత్తితో బాదితే మర పాడవుతుంది. సరైన సైజు రింగు పానాలు చాలు. చివరి బిగింపునకు మాత్రం టార్క్‌ రెంచి ఉండాలి. ఎంత బిగించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. స్ప్రింగు బిగువు మార్చే రింగు రెండువైపులా ఒకే మెట్టులో ఉండాలి.

గ్యాసు నింపినవాటిని విప్పి చూడటం, వేడి చేయడం అసలు వద్దు. సీటు కింద ఒక్కటే ఉండే మోనోషాక్‌, ముందు ఫోర్కుల ఆయిల్‌ సీళ్లు... ఈ పనులు మెకానిక్కుకు అప్పగించడమే మేలు.

పని పూర్తయింది కదాని బండిని నేరుగా కొండెక్కించకూడదు. తొలి ప్రయాణం ఒంటరిగా, చదును రోడ్డు మీద, నెమ్మదిగా సాగాలి. ఇంటికొచ్చాక నట్లు మరోసారి చూసుకోవాలి. ఆ తర్వాతే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్‌ వైపు వెళ్లాలి!